పందుల తలారి గెరిట్

మా క్విన్నసెట్ రేవులో ఒక మనిషి ఊరివాడు అనిపించుకోవాలంటే రెండే దారులు. ఇక్కడ పుట్టాలి, లేదంటే ఇక్కడ పుట్టినవాళ్లంతా పోయేదాకా బతికి ఉండాలి. గెరిట్ క్వాకెన్‌బుష్‌కు మొదటిది కుదరలేదు, రెండోదానికి ఓపిక లేదు. మూడో దారి ఒకటుందని ఆయనకే కాదు, మాకూ తెలియదు. అది పందుల వెనకాల పోయే దారి అని ఎవరు మాత్రం అనుకుంటారు?

నా పేరు హల్డా, ఊరివాళ్లందరికీ హల్డా అత్తను. రేవు మలుపులో ఉన్న సత్రం నాది. నా మొగుడు కాడ్ చేపల వేటకు పోయి, పడవతో సహా తిరిగి రాలేదు. అప్పటినుంచి ఈ పొయ్యి, ఈ బల్లలు, ఈ రమ్ము పీపాలు నా పాలబడ్డాయి. ఊళ్లో మగవాళ్లకు ఓట్లున్నాయి, నాకు చెవులున్నాయి. చర్చిలో పొయ్యి ఉండదు కాబట్టి ఊరి సభ అక్కడ ప్రార్థనతో మొదలై, కాళ్లు కొంకర్లు పోగానే వాయిదా పడి నా సత్రానికి వస్తుంది. అంచేత ఈ ఊరి రాజకీయమంతా నా పొయ్యి ముందే నడిచింది. దాన్ని నడిపింది తామేనని వాళ్ల నమ్మకం. ఉండనీ, పాపం.

గెరిట్ ఈ ఊళ్లోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన కొత్త. హడ్సన్ నది వైపు డచ్చివాళ్ల పల్లెల నుంచి, వీపు మీద మూట, చేతిలో రేకు పెట్టె, మోకాలి దాకా బురద. గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"అమ్మా, పడుకోవడానికి చోటుందా?"

"డబ్బుందా?"

"సూదులున్నాయి."

"సూదుల మీద పడుకుంటావా?"

"నేను కాదమ్మా. మీరు దుప్పటి కుట్టుకోండి, నేను దాని మీద పడుకుంటాను."

అంత చలిలో ఇంత నోరున్నవాణ్ణి బయటికి పంపడానికి నాకు మనసొప్పలేదు. ఒక రాత్రికని వచ్చినవాడు ఉండిపోయాడు.

వ్యాపారంలో ఆయనకు ఒక పంతం ఉండేది. కొట్లో 'లేదు' అనే మాట వినపడకూడదు. కెప్టెన్ సైలస్‌కు ఒక కాలు సముద్రంలో పోయింది. జోడు కొనబోయి, "ఉన్నది ఒక్క కాలు, రెండు బూట్లకు డబ్బెందుకివ్వాలి?" అని గెరిట్‌తో తగువేసుకున్నాడు. "రేపు రండి" అన్నాడు గెరిట్. మర్నాడు గుర్రబ్బండి కట్టుకుని పక్క రేవుకు పోయి, అదే కొలతలో రెండో వైపు పాదమున్న ఇంకో ఒంటికాలి మనిషిని వెతికి పట్టుకున్నాడు. ఒక జోడును ఇద్దరికీ చెరిసగం అమ్మాడు. ఆ ఇద్దరు ముసలాళ్లూ ఇప్పటికీ ఏడాదికోసారి కలుసుకుని బూట్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు.

అలా పెరిగాడు. రేవు మీద కొట్టు, దాని పక్కన గిడ్డంగి, రెండు పడవల్లో వాటా. మా ఎండు చేపలు ఆయన పీపాల్లో ఎక్కి దక్షిణ ద్వీపాలకు పోయేవి, అక్కడి బెల్లపు పాకం మా మొక్కజొన్న రొట్టెల మీదికి వచ్చేది. ఊళ్లో ఆడపిల్లల జడల్లో రిబ్బన్లు ఆయనవి, మగవాళ్ల గొంతుల్లో రమ్ము ఆయనది. ఇంత చేసినా ఆయన పేరు మాత్రం మూట గెరిట్. వీపు మీద మూట దిగి ఏళ్లు గడిచాయి. మా నోళ్లలోంచి దిగలేదు.

ఆయనకు ఒకే ఒక్క కోరిక. ఊరి తరఫున బోస్టన్ శాసనసభకు వెళ్లాలి. ఎందుకని ఒకసారి అడిగాను. నా పొయ్యి ముందు చేతులు కాచుకుంటూ చెప్పాడు.

"హల్డా అత్తా, అంత పెద్ద సభలో లేచి నిలబడి 'మా క్విన్నసెట్' అని ఒక్కసారి గట్టిగా అనాలని ఉంది. ఇక్కడ ఆ మాట అంటే నవ్వుతారు. అక్కడ అంటే రాసుకుంటారు."

"ముందు ఆ బురద కాళ్లు పొయ్యి దగ్గర్నుంచి తియ్యి" అన్నాను.

మే నెలలో జరిగే ఆ ఎన్నికకు ఆయన అప్పటికే రెండుసార్లు నిలబడ్డాడు. మొదటిసారి తన ఓటూ, కెప్టెన్ సైలస్ ఓటూ వచ్చాయి. రెండోసారి సైలస్ గౌట్ నొప్పితో మంచం దిగలేదు. ఎప్పుడూ గెలిచేది డీకన్ జబెజ్ వింగ్. చర్చి పెద్ద, ఓడ తెరచాప స్తంభం లాంటి మనిషి, అంత పొడుగు, అంత బిగుసు. జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదని పేరు. ఆయనకు స్నేహితులు తక్కువ కావడానికి కారణం అదే. గెరిట్ గురించి ఎవరినడిగినా ఒకటే మాట. "మంచివాడే. కాకపోతే ఊరివాడు కాదుగా!"

ఇలా ఉండగా గెరిట్ పెళ్లి చేసుకున్నాడు. నెరిసిన జుట్టుతో, సిగ్గుపడుతూ. పెళ్లికూతురు కెజాయా స్నో, మా ఊరి పడుచు విధవరాలు. నోరు పదును, మనసు మెత్తన. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఒక డచెస్. డచెస్ అంటే పంది. ఊళ్లోకెల్లా బలిసిన ఆడపంది, వీధి మధ్య నడిస్తే బళ్లు పక్కకు తప్పుకునేవి.

ఆ శీతాకాలంలోనే డాక్టర్ ఫినియస్ లోరింగ్ పెళ్లి కూడా జరిగింది. ఆయన బోస్టన్ నుంచి వచ్చి చాలా కాలమైంది. ఊళ్లో సగం పిల్లల్ని ఈ లోకంలోకి లాగింది ఆయన చేతులే. ఆయన పెళ్లికి వెళ్లాం, కేకు తిన్నాం, వచ్చాం.

ఇక మార్చి నెల సభ. ఆ సభలో ఊరి ఉద్యోగాలన్నీ పంచుతారు. కంచెలు చూసేవాడొకడు, తూకాలు చూసేవాడొకడు, చివర్న పందుల తలారి. వీధుల్లో తిరిగే పందులు నేల తవ్వకుండా వాటి ముక్కులకు ఇనప కడియాలు వేయించడం, తోటల్లో పడ్డవాటిని బందెలదొడ్డికి తోలడం తలారి పని అని చట్టంలో ఉంది. మా ఊరి రివాజు వేరు. ఆ ఏడు పెళ్లయినవాణ్ణి పట్టుకుని, బిగదీసుకున్న మొహాలతో ఆ పదవి అంటగడతారు. వాడు చెవులదాకా ఎర్రబడి, అందరికీ ఒక విడత రమ్ము పోయించి, కూర్చుంటాడు. ఆపైన ఏడాదంతా వాడు పందుల మొహం చూడడు. పందులు కూడా వాణ్ణేమీ అడగవు.

గెరిట్ ఇన్నేళ్లూ ఒక్క మార్చి సభకూ రాలేదు. మార్చి అంటే వసంతం సరుకు కోసం బోస్టన్ వెళ్లే నెల. ఈసారి కొత్త పెళ్లాన్ని వదల్లేక ఆగిపోయాడు.

సభ నా సత్రంలో కిటకిటలాడుతోంది. బీరు వేడెక్కడానికి కాల్చిన ఇనప కడ్డీ చెంబుల్లో ముంచి ముంచి నా చెయ్యి పడిపోయింది. అప్పుడు డీకన్ వింగ్ లేచాడు. ఆయన లేచాడంటే అది ప్రార్థనో, పన్నో అనుకుంటాం.

"సభాపెద్ద గారూ! ఈ ఏటికి పందుల తలారిగా మిస్టర్ గెరిట్ క్వాకెన్‌బుష్ పేరు చెబుతున్నాను."

ఒక్క చెయ్యి తక్కువ కాకుండా అన్ని చేతులూ లేచాయి. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. మా వాళ్లకు ఆ విద్య తల్లిపాలతో వస్తుంది. గెరిట్ మెల్లగా లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు.

"పెద్దలారా! ఇన్నేళ్లకు మీరు నన్ను నమ్మి ఒక బాధ్యత చేతిలో పెట్టారు. పని చిన్నదో పెద్దదో నాకు అక్కర్లేదు. ఈ ఊరి కోసం చెయ్యమన్నారు, అదే నాకు చాలు. మీ నమ్మకం నిలబెడతాను."

కమ్మరి ఎబెన్ టోపీ అంచు నోట్లో కుక్కుకున్నాడు. కెప్టెన్ సైలస్ కిటికీలోంచి లేని ఓడను తెగ చూశాడు. గెరిట్ కూర్చున్నాడు. అందరూ రమ్ము కోసం ఎదురు చూశారు. ఆయనకు ఆ సంగతి తెలిస్తే కదా! కాసేపు గొంతులు సవరించుకుని, చివరికి ఎవరి డబ్బుతో వాళ్లు తాగి ఇళ్లకు పోయారు. ఇన్నేళ్ల నా వ్యాపారంలో అంత దిగులుగా ముగిసిన సభ ఇంకోటి లేదు.

వంటింట్లో కెజాయా గోడకు చేరబడి ఉంది.

"ఏమే, చెప్పవా ఆయనకి?" అన్నాను.

"ఆ మొహం చూశావా అత్తా? పెళ్లిరోజు కూడా అంత వెలిగిపోలేదు. నా వల్ల కాదు. నువ్వే చెప్పు."

"నా మొగుడా, నీ మొగుడా?"

"అయితే తెల్లారాక చెబుతాలే."

తెల్లారేసరికి ఆయన ఇంట్లో లేడు. ఇత్తడి పొన్ను వేసిన పొడుగాటి కర్ర ఒకటి సంపాదించి, ఆదివారం కోటు తొడుక్కుని, మొట్టమొదటి పందిని బందెలదొడ్డికి తోలుతున్నాడు. ఆ పంది డచెస్. కెజాయా రొట్టె పిండి చేతులతో వీధిలోకి పరుగెత్తింది.

"మిస్టర్ క్వాకెన్‌బుష్! దాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

"దొడ్డికి. ముక్కుకు కడియం లేదు."

"అది మన పందండీ!"

"అందుకే దీంతో మొదలుపెట్టాను. మన పందిని వదిలేస్తే రేపు ఊళ్లో ఎవరి పందిని ముట్టుకోగలను?"

"దాన్ని తోలారంటే మీ కంచం కూడా దాని తొట్టి పక్కనే!"

"చట్టం చట్టమే కెజాయా."

వారం రోజులు ఆయన నా సత్రంలో చేపల పులుసు తిన్నాడు. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. నాలుగో రోజు మాత్రం, "అత్తా, ఆమె చేసే చిక్కుడుగింజల కూర వాసన ఇక్కడిదాకా వస్తోందా, నాకే అలా అనిపిస్తోందా?" అని అడిగాడు.

డచెస్ తరవాత డీకన్ గారి మగపంది సామ్సన్ వంతు వచ్చింది. అది ఏ కంచెనైనా నిలువునా చీల్చుకుపోయే జీవి. దాన్ని గెరిట్ రేవు పొడుగునా తరిమాడు. అది చేపలు ఎండబెట్టే పందిళ్లను కూల్చింది, ఒక వల చుట్టుకుని పెళ్లికూతురిలా మేలిముసుగుతో పరుగెత్తింది, చివరికి ఆటు తీసిన బురదలో ఇద్దరూ చెరో పక్కన చతికిలబడ్డారు. ముందు లేచినవాడు గెరిట్. సాయంత్రానికి డీకన్ దొడ్డి దగ్గరకు వచ్చాడు.

"గెరిట్! నువ్వు... నిజంగానే ఈ పని చేస్తున్నావా?"

"నిజంగానే అంటే ఏంటి డీకన్ గారూ? నా పేరు చెప్పింది మీరే కదా!"

డీకన్ అబద్ధం ఆడలేడు, నిజం చెప్పలేడు. కిక్కురుమనకుండా జరిమానా కట్టి, పందిని తోలుకుపోయాడు. దారి పొడుగునా ఆ పందితో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడని చూసినవాళ్లు చెప్పారు.

ఊరు భగ్గుమంది. తాతల కాలం నుంచి స్వేచ్ఛగా తిరిగిన పందులకు ఇదేం ఖర్మ అని సత్రంలో బల్లలు గుద్దారు. కడియాలు చేసే ఎబెన్ ఒక్కడే నోరెత్తలేదు, వాడి కొలిమికి తీరిక లేదు. వేళాకోళం చేద్దామని పోతే అది మన పెరట్లోకే వచ్చిందే అని అందరికీ కడుపుమంట. కానీ ఆయన దగ్గరకు వెళ్లి ఇది హాస్యమయ్యా అని చెప్పే ధైర్యం ఎవడికీ లేకపోయింది. తీరా చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడు కదా!

తరవాత మంచు కరిగింది. మా ఊళ్లో మొట్టమొదటిసారి బఠానీ తీగలు నాటినచోటే పైకి లేచాయి. ముల్లంగి మొక్కలు తెల్లారేసరికి కూడా భూమిలోనే ఉన్నాయి. చర్చి వెనక సమాధుల మీద గడ్డి మొలిచింది. ఏటా పందులు ముట్టెలతో కుళ్లగించే చోటు అది. మా అమ్మ సమాధి అక్కడుంది. నా మొగుడికి సమాధి లేదు కాబట్టి ఆయనతో చెప్పాల్సినవి కూడా నేను అక్కడికే పోయి చెప్పుకుంటాను. ఆ ఆదివారం ఆ పచ్చటి గడ్డి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. వచ్చేటప్పుడు గెరిట్ ఎదురైతే ఒక మాట చెబుదామనుకున్నాను, "కోటు నిండా బురదే, నీకు సిగ్గులేదా?" అన్నాను. ఆయన నవ్వాడు.

ఊరి గొంతు కూడా నెమ్మదిగా మారింది. పైకి తిడుతూనే బఠానీ తీగలకు పందిళ్లు వేసుకున్నారు. కెజాయా కూడా కంచం ఇంట్లోకి తెచ్చింది. మే నెల దగ్గరపడగానే గెరిట్ మూడోసారి నిలబడతానన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. డీకన్ వింగ్ మొదటిసారి కంగారుపడ్డాడు.

ఎన్నికకు ముందు రోజు మధ్యాహ్నం సత్రంలో గెరిట్ ఒక్కడే పులుసు తాగుతున్నాడు. డీకన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గెరిట్, నీకో మాట చెప్పాలి. నా మనసు ఊరుకోవడం లేదు."

"చెప్పండి డీకన్ గారూ."

"పందుల తలారి పదవి వేళాకోళం. కొత్త పెళ్లికొడుకుల్ని ఆటపట్టించడానికి ఇస్తాం. ఆ పని ఎవరూ చెయ్యరు. నువ్వు చేస్తావని మేమనుకోలేదు."

ఇది రేపటి ఓట్ల కోసం చెప్పాడా, మనస్సాక్షి కోసం చెప్పాడా అంటే రెండూ ఉండి ఉంటాయి. డీకన్లకు కూడా రెండు జేబులుంటాయి. గెరిట్ చెంచా కింద పెట్టాడు.

"అందరికీ తెలుసా?"

"అందరికీ."

గెరిట్ నా వైపు తిరిగాడు. "అత్తా, నీకు?"

నేను తుడిచిన చెంబునే మళ్లీ తుడిచాను.

"కెజాయాకు?"

ఆ చెంబు పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాను. ఆయన లేచి, ఆ కర్రను తెచ్చి నా బల్లకు ఆనించాడు. ఎవరి వస్తువో వాళ్లకు అప్పజెప్పినట్టు, జాగ్రత్తగా. కోటు మీద బురద మరకను గోటితో గీరుకుంటూ బయటికి నడిచాడు. డీకన్ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా మీద వచ్చింది అంతకంటే ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని ఆయన కొట్టుకు వెళ్లాను. కొట్టు తలుపులు సగం మూసి ఉన్నాయి. లోపల గెరిట్ పాత రేకు పెట్టెను బయటికి తీసి దుమ్ము దులుపుతున్నాడు. కెజాయా తలుపుకు అడ్డంగా నిలబడింది. డాక్టర్ లోరింగ్ కర్పూరం కోసం వచ్చినట్టున్నాడు, ఆ గొడవలో ఏం చెయ్యాలో తోచక గల్లా పక్కన నిలబడ్డాడు.

"కొట్టు అమ్మేస్తాను. ప్రావిడెన్స్ పోదాం. అక్కడ ఎవరికీ నా పందుల సంగతి తెలియదు" అంటున్నాడు గెరిట్.

"నేను రాను, డచెస్ అసలే రాదు" అంది కెజాయా.

"కెజాయా, ఊరంతా నన్ను చూసి నవ్వారు!"

"నవ్వారు. నా మొదటి మొగుణ్ణి చూసి కూడా నవ్వారు. పెళ్లయిన ఏడు అతనూ పందుల తలారే. ఎబెన్ కూడా. కెప్టెన్ సైలస్ కూడా, రెండు కాళ్లూ ఉన్న రోజుల్లో. ఆ డీకన్ గారు సిగ్గుతో బల్ల కింద దూరాడట, మా నాన్న చెప్పేవాడు."

"వాళ్లు మీ వాళ్లు! మీలో మీరు ఆడుకునే ఆట అది. నన్ను మాత్రం... రోడ్డున పోయే మూటలవాడు దొరికాడని..."

"నా పేరు ఎవరూ ఎత్తలేదు" అన్నాడు డాక్టర్.

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, ఎవరన్నారా అని ముగ్గురం తిరిగి చూశాం. ఆయన కర్పూరం పొట్లాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మీకు పెళ్లయిన నెలలోనే నాకూ అయింది మిస్టర్ క్వాకెన్‌బుష్. ఆ సభలో మీ వెనక బల్ల మీదే ఉన్నాను. కొత్త కోటు వేసుకుని వెళ్లాను. రమ్ము పోయించాలని నాకు తెలుసు, డబ్బులు జేబులో పెట్టుకుని మరీ వెళ్లాను. మా ఆవిడతో చెప్పాను కూడా, ఈ రాత్రి ఆలస్యమవుతుంది, నన్ను బాగా ఏడిపిస్తారు అని." ఆయన పొట్లం గల్లా మీద పెట్టాడు. "మీ పేరు చెప్పారు. చేతులెత్తారు. నేనూ ఎత్తాను. నా వంక ఎవరూ చూడనైనా లేదు. తొందరగా ఇంటికి పోయాను."

బయట ఎవరి పందో గుర్రుమంది, దాని ముక్కుకు కడియం గలగలలాడింది. నాకు తల ఎత్తి డాక్టర్ మొహం చూడబుద్ధి కాలేదు. మా అక్క పిల్లల్ని ముగ్గురినీ భూమ్మీద పడేసిన చేతులవి.

గెరిట్ రేకు పెట్టె మూత మూశాడు. డాక్టర్ వంక చూశాడు, నా చేతిలో కర్ర వంక చూశాడు.

"అత్తా, అది ఇటివ్వు" అన్నాడు.

మే నెలలో చలి ఉండదు. అయినా అలవాటు కొద్దీ సభ వాయిదా పడి నా దగ్గరకే వచ్చింది. డీకన్ పేరు చెప్పారు. కెప్టెన్ సైలస్ కర్రకాలు నేలకేసి టకటక కొట్టి గెరిట్ పేరు చెప్పాడు. ఎబెన్ లేచి తల గోక్కున్నాడు.

"గెరిట్ మంచివాడే. నా కొలిమికి ఈ ఏడు దొరికిన పని జన్మలో దొరకలేదు. అది కాదనను. కాకపోతే బోస్టన్ పంపాలంటే... ఊరివాడు కాదుగా!"

"నిజమే కదా" అని నాలుగు మూలలా తలలు ఊగాయి. డీకన్ తల కూడా ఊగింది.

గెరిట్ లేచాడు. ఆదివారం కోటు, చేతిలో ఇత్తడి పొన్ను కర్ర. కెజాయా వంటింటి గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడేలా.

"సభాపెద్ద గారూ, ఒక్క ప్రశ్న అడగొచ్చా? జవాబు డీకన్ వింగ్ గారు చెప్పాలి. ఈ గదిలో అందరికంటే పాత జ్ఞాపకాలు ఆయనవి."

"అడుగు."

"డీకన్ గారూ, ఈ ఊరు పుట్టినప్పటినుంచి, ఒక్క పరాయివాణ్ణయినా పందుల తలారిని చేశారా?"

ముసలాళ్లు పైకప్పు చూస్తూ వెనక్కి వెనక్కి వెతుక్కుంటున్నారు. డీకన్ కూర్చున్నచోటే కళ్లు మూసుకున్నాడు. ఆయనకు శాసనసభ అంటే ప్రాణం, భార్య పోయాక ఆయనకు మిగిలింది అదే. 'గుర్తు లేదు' అంటే అయిపోయేది. అది చాలా చిన్న అబద్ధం. నేనైతే ఆడేసేదాన్ని.

డీకన్ లేచి నిలబడ్డాడు.

"లేదు" అన్నాడు. "ఒక్కణ్ణి కూడా చెయ్యలేదు. దాన్ని మన వాళ్లకే ఇస్తాం."

"నా పేరు చెప్పినవారు ఎవరండీ?"

"నేనే." డీకన్ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు ఆలోచించలేదు గెరిట్. పెళ్లయిందని తెలిసింది, నీ పేరు నోటికొచ్చింది. నువ్వు ఎక్కడివాడివన్న మాటే నాకు గుర్తు రాలేదు."

గెరిట్ ఇంకేదో చెప్పాలని తయారు చేసుకుని వచ్చాడు. అది నాకు తెలుసు. అయినా కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎబెన్ మాత్రం, "అరె, మరి ఇంతసేపూ నేనేం వాగాను?" అని పైకే అనేసి కూర్చున్నాడు. అప్పుడు పగిలింది నవ్వు. మార్చి నుంచి బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది, గెరిట్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఓట్లు టోపీలో వేశారు. గెరిట్ గెలిచాడు. డీకన్ ఓటు ఎవరికి వేశాడో ఎవరికీ తెలియదు. నేను అడిగితే నిజం చెప్పేవాడే, అందుకే అడగలేదు. గెరిట్ నా వైపు తిరిగి, "అత్తా, అందరికీ రమ్ము. రెండు విడతలు. ఒకటి బోస్టన్‌ది, ఒకటి పందులది" అన్నాడు.

తరవాత సంగతులు క్లుప్తంగా చెబుతాను, రాజకీయం నాకు వంటబట్టదు. కర్రను నా తలుపు వెనక పెట్టి బోస్టన్ వెళ్లి, పెద్ద పెద్ద ఓడల యజమానులు, లాయర్ల మధ్య కూర్చున్నాడు. ఇంతకుముందు ఏ పదవి చేశారని ఒకాయన అడిగితే, "పందుల తలారి" అని తల ఎత్తి చెప్పాడట. మొదటి ప్రసంగంలో 'మా క్విన్నసెట్' అనే మాట ఎన్నిసార్లు అన్నాడో, ఊరు ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా విసుగు పుట్టిందట. రేవులో అలలకు అడ్డుకట్ట మంజూరు చేయించుకుని వచ్చాడు. దాని వెనక మొగుడి పడవ కట్టి ఉన్న ప్రతి ఆడదానికీ తుఫాను రాత్రి కూడా నిద్ర పడుతుంది. ఆ కట్ట ఎన్నో ఏళ్ల ముందే ఉంటే ఎవరెవరు తిరిగొచ్చేవారో అన్న లెక్కల్లోకి నేను పోను.

మరుసటి మార్చిలో బోస్టన్ సభ జరుగుతూనే ఉంది. అయినా గెరిట్ మంచులో బండి కట్టించుకుని ఊరి సభకు వచ్చి పడ్డాడు. ఏం కొంప మునిగిందని అందరం అనుకున్నాం. ఆ ఏడు పెళ్లయినవాడు ఎబెన్ తమ్ముడు ఒక్కడే. వాడు రమ్ము డబ్బులు గుప్పిట్లో పట్టుకుని మూల కూర్చుని ఉన్నాడు. పందుల తలారి వంతు రాగానే గెరిట్ అందరికంటే ముందు లేచాడు.

"సభాపెద్ద గారూ, డాక్టర్ ఫినియస్ లోరింగ్ పేరు చెబుతున్నాను."

"ఆయన పెళ్లయి ఏడాది దాటిందయ్యా!" అన్నాడు ఎవరో.

"అవును, మనం ఏడాది ఆలస్యమయ్యాం" అన్నాడు గెరిట్.

తరవాత మొట్టమొదట డీకన్ వింగ్ పొడుగాటి చెయ్యి లేచింది. దాని వెనక అన్నీ లేచాయి. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. వెనక బల్ల మీద డాక్టర్ చెవులదాకా ఎర్రబడి, లేచి నిలబడి, ఏదో అనబోయి, గిరుక్కున తిరిగి నా వంటింట్లోకి వచ్చేశాడు. గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నేను పొయ్యి ఎగదోసుకుంటూ ఆయన్ని చూడనట్టే ఉన్నాను.

తరవాత కళ్లద్దాలు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"హల్డా అత్తా, గెరిట్ కర్ర ఇక్కడే ఉందా?" అన్నాడు. "వస్తూ వస్తూ మీ కొత్త పందిని చూశాను. దాని ముక్కుకు కడియం లేదు."

ఆయన నన్ను అత్తా అనడం అదే మొదటిసారి.

"తలుపు వెనక ఉంది నాయనా, తీసుకో" అన్నాను.

మర్నాడు పొద్దున నా పందిని బందెలదొడ్డికి తోలాడు.